ఉప్పుగాలి తిన్న ఇంటిని, ఇంటి మీద లోన్‌తోనే బాగుచేయించుకోవడం ఎలా?

మూడేళ్ల కిందట ఒక ఆగస్టు మధ్యాహ్నం, మా నాన్నగారు రోజూ నడుం వాల్చే మంచం మీద స్లాబు పెచ్చు ఊడిపడింది. అదృష్టం కొద్దీ ఆ పూట ఆయన బీపీ మాత్రలు తెచ్చుకోవడానికి బయటికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి దుప్పటి మీద అరచేయంత సిమెంటు ముక్కలు, పైన తుప్పుపట్టి ఉబ్బిపోయిన ఊచ కనిపించాయి. మా ఇల్లు విశాఖలో, సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో ఉంది. రాత్రిపూట అలల చప్పుడు వినిపిస్తుంది. అంతకుముందు రెండుసార్లు అదే చోట పుట్టీ పెట్టించి రంగు వేయించాం. ఈసారి వచ్చిన మేస్త్రి గారు సుత్తితో నాలుగు చోట్ల తట్టి చూసి, "బాబూ, రంగులేస్తే ఆగేది కాదిది. లోపల ఊస తినేసింది" అన్నారు.

ఖర్చు ఎనిమిది లక్షల దాకా తేలింది. చేతిలో రెండు లక్షలు కూడా లేవు. పైగా పై అంతస్తు కోసం తీసుకున్న హోమ్ లోన్ ఇంకా నడుస్తోంది. అప్పుడు నేను చేసిన పని, ఆ లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చుకుని దాని మీద కొంత అదనంగా తీసుకోవడం. విదేశాల్లో రీమార్ట్‌గేజ్ అనే దానికి మన బ్యాంకుల్లో ఉన్న పేరు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, ఆ అదనపు డబ్బు పేరు టాప్-అప్. విశాఖలో ఇల్లుండి, ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఆ దారి మొత్తం వరుసగా రాస్తున్నాను. వీటన్నిటికంటే ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోండి. చేయించే పని ఎన్నేళ్లు నిలుస్తుందో చూసుకోండి. దాని కోసం తెచ్చిన అప్పు అంతకంటే ముందే తీరిపోవాలి.

1. బ్యాంకుకు వెళ్లే ముందు ఇంటిని చూపించండి

చాలామంది ముందు "ఎంత లోన్ వస్తుంది" అని అడుగుతారు. వచ్చినంతా తీసుకుని తర్వాత పనులు వెతుక్కుంటారు. అలా చేస్తే మాడ్యులర్ కిచెన్‌కి, ఫాల్స్ సీలింగ్‌కి డబ్బు వెళ్లిపోయి, డాబా మీద లీకు అలాగే ఉండిపోతుంది. ముందు ఒక సివిల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి ఇల్లంతా చూపించండి. కాంట్రాక్టరు ఉచితంగా చూసిపెడతానంటాడు గానీ, ఆయన చూపు ఆయనకు రాబోయే పని మీద ఉంటుంది. ఫీజు తీసుకున్న ఇంజినీరు, అక్కర్లేని పని అక్కర్లేదని చెప్పగలడు.

మన ఊళ్లో ఇళ్లకు వచ్చే జబ్బు వేరు. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్, సాగర్‌నగర్ లాంటి తీరం పక్క ప్రాంతాల్లో గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడు, చెమ్మతో పాటు కాంక్రీటులోకి దిగి ఊచకు చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును తోసేస్తుంది. మనకు కనిపించే పెచ్చు ఆ జబ్బులో చివరి దశ. కాబట్టి ఊడిన చోటే కాకుండా తట్టితే డొల్లగా మోగే ప్రతి చోటా సుద్దముక్కతో గీత గీయించండి. మా ఇంట్లో ఊడింది ఒక్క చోట, గీతలు పడినవి పదకొండు చోట్ల.

ఇంజినీరు చెప్పిన పనుల్ని మూడు గుంపులుగా విడదీయండి. స్లాబు, బీముల మరమ్మతు, డాబా వాటర్‌ప్రూఫింగ్, బాత్రూముల కింది లీకులు, పాత వైరింగు మొదటి గుంపు. ఇవి వాయిదా వేస్తే ఇల్లు నిలవదు. కిటికీలు, గ్రిల్సు, పైపులు మార్చడం రెండోది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, మా వీధిలో స్లైడింగ్ కిటికీల అద్దాలు ఎలా పగిలాయో చూసినవాణ్ని కాబట్టి కిటికీల పనిని నేను సోకు కింద లెక్కవేయను. రంగులు, టైల్సు, కప్‌బోర్డులు మూడో గుంపు.

ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే డబ్బు మొదటి రెండు గుంపులకే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. సముద్రం పక్కన బయటి గోడ రంగు నాలుగైదేళ్లు ఆగితే గొప్ప. దానికి పదేళ్ల అప్పు చేస్తే, వెలిసిపోయిన రంగుకు ఇంకో ఐదేళ్లు వడ్డీ కడుతూ కూర్చుంటాం. రంగులు జీతంలో దాచుకున్న డబ్బుతో వేయించుకోండి, ఒక ఏడాది ఆలస్యమైనా పర్లేదు.

సోలార్ పెట్టించాలనుకుంటే దాన్ని ఈ లెక్కలో కలపకండి. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్లు పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. దానికి విడిగా, తాకట్టు లేకుండా ఇచ్చే లోన్లు ఉన్నాయి. ముందు మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లను అడగండి.

ఎస్టిమేట్ రాయించేటప్పుడు ఇంజినీరు సంతకం, ముద్ర ఉండేలా చూసుకోండి. బ్యాంకు దాన్నే అడుగుతుంది. వచ్చిన మొత్తానికి 15 శాతం పైన వేసుకోండి. పాత ఇంట్లో గోడ పగలగొట్టాక ఏం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు.

2. ఏ రకం లోన్ మీకు సరిపోతుందో తేల్చుకోండి

ఇంటి మీద ఇప్పటికే హోమ్ లోన్ ఉంటే రెండు దారులున్నాయి. మీ బ్యాంకులోనే టాప్-అప్ అడగడం ఒకటి, లోన్ మొత్తం వేరే బ్యాంకుకు మార్చుకుని అక్కడ టాప్-అప్ తీసుకోవడం రెండోది. ఇంటి మీద ఏ అప్పూ లేకపోతే ముందు హోమ్ రినొవేషన్ లోన్ అడగండి. చాలా బ్రాంచీల్లో మాట మొదలుపెట్టగానే "ప్రాపర్టీ లోన్ తీసుకోండి సార్, డబ్బు దేనికైనా వాడుకోవచ్చు" అంటారు. ప్రాపర్టీ లోన్‌కి మామూలుగా హోమ్ లోన్ కంటే వడ్డీ ఎక్కువ, ఇంటి విలువలో ఇచ్చే వాటా తక్కువ. మీకు ఇంటి మరమ్మతే కావాలి, చేతిలో ఇంజినీరు ఎస్టిమేట్ కూడా ఉంది. అలాంటప్పుడు ఎక్కువ వడ్డీ ఎందుకు కట్టాలి?

రెండు లక్షల లోపు చిన్న పని అయితే ఇల్లు తాకట్టు దాకా వెళ్లకండి. లీగల్ ఫీజు, వాల్యుయేషను, రిజిస్ట్రేషను ఖర్చులు అన్నీ కలిపితే గిట్టుబాటు కాదు. బంగారం మీద ఏడాదికి తీసుకుని తీర్చేయడం మేలు.

ఫ్లాటులో ఉంటున్నవాళ్లకు ఒక మాట. పై అంతస్తు ఫ్లాటులో స్లాబు కారుతుంటే, డాబా అందరిదీ కాబట్టి ఆ మరమ్మతు అసోసియేషన్ బాధ్యత. బయటి గోడల పగుళ్లు కూడా అంతే. అసోసియేషన్ మీటింగులో పెట్టి, కార్పస్ ఫండ్ నుంచో తలా కొంత వేసుకునో చేయించండి. గొడవలెందుకని మీ ఒక్కరి ఫ్లాటు మీద లోన్ తెచ్చి అందరి డాబా బాగుచేయించవద్దు.

3. ముందు మీ బ్యాంకునే అడగండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకుల్లో కొత్తగా ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. అంతకుముందు తీసుకున్న లోన్ అయితే పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆర్‌బీఐ రెపో రేటును 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గించింది. మీ స్టేట్‌మెంటు తీసి, ఆ తగ్గింపు మీ లోన్‌కి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే బ్రాంచికి వెళ్లి రేటు మార్చమని రాతపూర్వకంగా అడగండి. చిన్న కన్వర్షన్ ఫీజుతో పని అయిపోతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ బయటి కొలమానం నిబంధన లేదు, వాళ్ల సొంత రేటే నడుస్తుంది. అందుకే అక్కడి నుంచి బ్యాంకుకు మారేవాళ్లకు తేడా ఎక్కువగా కనిపిస్తుంది.

రేటు తగ్గించి, టాప్-అప్ కూడా ఇస్తామని మీ బ్యాంకు అంటే అక్కడే ఉండిపోండి. పత్రాలు కదలవు, ఖర్చు తక్కువ, పదిహేను రోజుల్లో పని తెమిలిపోతుంది. వాళ్లు కుదరదంటేనే మారే ఆలోచన చేయండి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను సొంతానికి తీసుకున్న వ్యక్తులు ముందే తీర్చేసినా బ్యాంకు జరిమానా వేయకూడదని 2012లోనే ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. "మూసేస్తే రెండు శాతం కట్టాలి" అని ఎవరైనా బెదిరిస్తే, ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద ఇమ్మనండి.

4. మారితే నిజంగా మిగులుతుందా?

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పాత లోన్‌లో ఇంకా 18 లక్షలు బాకీ ఉంది, 12 ఏళ్లు మిగిలాయి, వడ్డీ 9.25 శాతం. ఈఎంఐ సుమారు 20,740 రూపాయలు. కొత్త బ్యాంకు 8.25కి ఇస్తానంది. అదే 12 ఏళ్లకు ఈఎంఐ 19,730 అవుతుంది. నెలకు వెయ్యి రూపాయలు, మొత్తం మీద లక్షా నలభై ఐదు వేల దాకా మిగులుతుంది. ఇందులోంచి ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, లాయరు ఫీజు, వాల్యుయేషన్ ఫీజు, కొత్త తాకట్టు రిజిస్ట్రేషను ఖర్చు, పాత తాకట్టు విడుదల ఖర్చు తీసేయండి. మిగిలేదే మీకు లాభం. బాకీ చిన్నదైనా, మిగిలినవి నాలుగైదేళ్లే అయినా, తేడా అర శాతం లోపే ఉన్నా మారడంలో శ్రమ తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కొత్త బ్యాంకు వాళ్లు 12 ఏళ్ల లోన్‌ను మళ్లీ 20 ఏళ్లకు సాగదీసి "చూడండి, టాప్-అప్ ఇచ్చినా మీ ఈఎంఐ పెద్దగా పెరగలేదు" అంటారు. పెరగకపోవడానికి కారణం, మీరు ఇంకో ఎనిమిదేళ్లు కట్టడం. టాప్-అప్ ఒక్కదానికే లెక్క వేసి చూపిస్తాను. 8 లక్షలు, 8.75 శాతం అనుకుందాం. 7 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 12,770, మొత్తం వడ్డీ 2 లక్షల 73 వేలు. 12 ఏళ్లకైతే ఈఎంఐ 8,990, వడ్డీ 4 లక్షల 95 వేలు. 20 ఏళ్లకైతే ఈఎంఐ 7,070 మాత్రమే, కానీ వడ్డీ దాదాపు 9 లక్షలు. అంటే తెచ్చిన అసలు కంటే ఎక్కువ. ఉప్పుగాలిలో చేయించిన డాబా వాటర్‌ప్రూఫింగ్ ఇరవై ఏళ్లు ఉండదు. అది పోయి మళ్లీ చేయించేటప్పటికి మొదటి అప్పు ఇంకా సగం మిగిలి ఉంటుంది.

అందుకే టాప్-అప్‌ను అసలు లోన్‌లో కలిపేయకుండా విడి ఖాతాగా, విడి గడువుతో ఇమ్మని అడగండి. అడిగితే చాలా బ్యాంకులు ఇస్తాయి. నేను మొదట అలా అడగలేదు, పన్నెండేళ్లకు సంతకం పెట్టేశాను. ఏడాది తర్వాత లెక్క వేసుకుని, గడువు తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. మీరు మొదటి రోజే అడగండి.

ఈఎంఐ మోయగలరా లేదా అన్నది కాగితం మీద కాకుండా ఇంట్లో చూసుకోండి. లోన్ అప్లై చేసే ముందు మూడు నెలలు, పెరగబోయే ఈఎంఐ అంత మొత్తాన్ని వేరే ఖాతాలో వేసి చూడండి. ఇల్లు ఇబ్బంది లేకుండా నడిస్తే ముందుకు వెళ్లండి. ఆ మూడు నెలల డబ్బు అత్యవసరానికి అలాగే ఉంచుకోండి. ఎందుకంటే 90 రోజులు వాయిదా ఆగితే లోన్ మొండిబాకీ కింద పడుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో కేసు వేయకుండానే ఇంటి స్వాధీనానికి దిగవచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. బాగుచేయించాలని తెచ్చిన అప్పు వల్లే ఇల్లు చేజారకూడదు.

5. పత్రాలు: విశాఖలో ఆలస్యమంతా ఇక్కడే

సిబిల్ స్కోరు చూసుకోవడం, జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, రెండేళ్ల ఐటీ రిటర్నులు ఎక్కడైనా ఒకటే. ఏడాదికి ఒకసారి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే ముందే సరిచేయించుకోండి. అసలు టెన్షన్ ఇంటి కాగితాల దగ్గర వస్తుంది.

బ్యాంకు లాయరు అడిగేవి ఇవి: మీ పేరు మీదున్న రిజిస్టర్డ్ దస్తావేజు, అంతకుముందు ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో చూపించే లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను. వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అయితే ఆ లేఅవుట్ నంబరు కూడా. 2018లో వుడా పోయి వీఎంఆర్డీఏ వచ్చినా పాత వుడా కాగితాలు చెల్లుతాయి. కాకపోతే జాగ్రత్తగా దాచుకుని ఉండాలి. ప్లానులో లేని గది, మెట్ల మీద వేసిన షెడ్డు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదలకుండా కట్టిన గోడ ఉంటే వాల్యుయర్ రిపోర్టులో రాస్తారు. అనుమతి లేని కట్టడాల కోసం పెట్టిన బీపీఎస్ పథకం కింద అప్పట్లో క్రమబద్ధీకరించుకుని ఉంటే ఆ ప్రొసీడింగ్స్ కాపీ బయటికి తీయండి. మరమ్మతులతో పాటు పైన గది వేయాలనుకుంటే అది మరమ్మతు కాదు, కొత్త కట్టడం. జీవీఎంసీ అనుమతి లేకుండా దానికి బ్యాంకు డబ్బు రాదు.

స్థలం అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం వైపు ఉంటే మొదటి రోజే లాయరుతో మాట్లాడండి. సింహాచలం దేవస్థానం భూములకు సంబంధించిన పంచ గ్రామాల సమస్య ఆ ప్రాంతాన్ని ఏళ్లుగా పట్టి ఉంది. అక్కడి ఇళ్లవాళ్లు సొంతింట్లో ఉంటూ కూడా దాని మీద లోన్ తెచ్చుకోలేక పడే బాధ మా బంధువుల ఇంట్లో చూశాను. అలాగే డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అయినా, రిజిస్ట్రేషను కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నా బ్యాంకు వెనక్కి తగ్గుతుంది. ఆ జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు కట్టకముందే చూడండి, కట్టాక తిరిగి రావడం కష్టం.

ఇల్లు అమ్మానాన్నల పేరు మీద ఉంటే వాళ్లు కూడా లోన్‌లో సహ దరఖాస్తుదారులుగా సంతకం పెట్టాలి. పేరున్నవారు చనిపోయి ఉంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, వారసులందరూ ముందుకు రావాలి. అక్కచెల్లెళ్లకు వాటా ఉన్న ఇల్లయితే వాళ్లు హక్కు విడుదల పత్రం రాసివ్వాలి, లేదా లోన్‌లో చేరాలి. దయచేసి ఈ మాట ఫోనులో, హడావిడిగా, "చిన్న సంతకమే కదా" అన్నట్టు అడగకండి. ఇంటికి వెళ్లి, ఎంత అప్పు, ఎందుకు, ఎన్నేళ్లు, కట్టేదెవరు అని కాగితం మీద రాసి చూపించండి. మా అక్క అప్పటిదాకా అనుమానంగా ఉండి, మంచం మీద పడిన పెచ్చుల ఫోటో, ఈఎంఐ లెక్క రెండూ చూశాక "నాన్న పడుకునే గది ముందు చేయించు తమ్ముడూ" అంది.

6. ఎంత ఇస్తారు, ఏం చదివి సంతకం పెట్టాలి

ఆర్‌బీఐ లెక్క ప్రకారం హోమ్ లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం. ఇవి గరిష్ఠ పరిమితులు. టాప్-అప్ కలిపినప్పుడు బ్యాంకులు ఇంకా తక్కువకే ఆగుతాయి. పైగా విలువ కట్టేది బ్యాంకు పంపే వాల్యుయర్, మీ పక్కింటి అమ్మకం ధర కాదు. పాత ఇంటికి భూమి విలువే ముఖ్యం. ఫ్లాటు అయితే మీ వాటాకు వచ్చే స్థలం, బిల్డింగు వయసు చూస్తారు. అర్హత పది లక్షలున్నా ఎస్టిమేట్ ఎనిమిదైతే ఎనిమిదే తీసుకోండి. చేతిలో మిగిలిన రెండు లక్షలు పెళ్లికో, కారుకో వెళ్లిపోతాయి, కారు పాతబడ్డాక కూడా వాయిదా ఇంటి మీద నడుస్తూనే ఉంటుంది.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ప్రతి రిటైల్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. వడ్డీతో పాటు ఫీజులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. రెండు బ్యాంకుల్ని పోల్చడానికి ప్రకటనలో రాసిన రేటు కాదు, ఈ అంకె చూడండి. కావాలంటే తెలుగులో చెప్పమని అడగండి, మీకు అర్థమయ్యే భాషలో వివరించాల్సిన బాధ్యత వాళ్లది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మిమ్మల్ని అడగాలన్న నిబంధన కూడా 2023లో వచ్చింది. వీలైతే ఈఎంఐ పెంచడమే ఎంచుకోండి.

లోన్‌తో పాటు ఇన్సూరెన్సు తప్పనిసరి అని చెప్పి, ప్రీమియం మొత్తం ఒకేసారి లోన్‌లో కలిపేస్తుంటారు. దానికి కూడా ఏళ్ల తరబడి వడ్డీ కడతాం. కుటుంబానికి రక్షణ కావాలి, నిజమే. విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

ఆదాయపు పన్ను గురించి క్లుప్తంగా: మీరు ఉంటున్న ఇంటి మరమ్మతుకు తెచ్చిన అప్పు మీద వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అది లేదు. బిల్లులు దాచండి.

7. బ్యాంకు మారే ఆ నెల రోజులు

పాత బ్యాంకు నుంచి రెండు కాగితాలు తీసుకోవాలి. బాకీ ఎంతో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గర ఉన్న మీ పత్రాల జాబితా. జాబితాలోని ప్రతి డాక్యుమెంట్ నంబరును మీ దగ్గరున్న జిరాక్సులతో సరిపోల్చుకోండి. నా విషయంలో పాత బ్యాంకు ఇచ్చిన జాబితాలో ఒక లింకు డాక్యుమెంట్ లేదు. పదేళ్ల కిందట నేను దాన్ని ఇచ్చినట్టు రసీదు దొరికింది కాబట్టి వెతికి పెట్టారు. రసీదు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికే ఇష్టం లేదు.

కొత్త బ్యాంకు మంజూరు చేశాక బాకీ డబ్బు నేరుగా పాత బ్యాంకుకు వెళ్తుంది. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగివ్వాలని, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని ఆర్‌బీఐ ఆదేశం ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పత్రాలు అడుగుతూ రాసిన ఉత్తరం మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆలస్యం చేస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా అనిపించకపోతే, ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పంపండి. దానికి ఏ రుసుమూ లేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ మీద అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి.

పాత తాకట్టు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరై ఉంటే దాని విడుదల కూడా అక్కడే రిజిస్టరు కావాలి. ఆ తర్వాత కొత్త బ్యాంకు పేరున తాకట్టు. రెండూ అయిన పది రోజులకు కొత్త ఈసీ తీసి, పాత బ్యాంకు పేరు తొలగిందో లేదో మీ కళ్లతో చూడండి. దీన్ని వదిలేసినవాళ్లకు పదిహేనేళ్ల తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆ బ్రాంచే ఉండకపోవచ్చు.

8. డబ్బు చేతికొచ్చాక

కాలం చూసి మొదలుపెట్టండి. మనకు జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల భయం. డాబా పని జనవరి నుంచి మే లోపు జరగాలి. లోన్‌కి నెలా రెండు నెలలు పడుతుంది కాబట్టి దసరా, దీపావళి మధ్యలో బ్యాంకు పని మొదలుపెడితే సంక్రాంతి వెళ్లగానే మేస్త్రి దిగుతాడు.

పనుల వరుస మార్చకండి. ముందు పైనుంచి నీళ్లు దిగే దారి మూయాలి, అంటే డాబా, బాత్రూములు. తర్వాత స్లాబు మరమ్మతు. డొల్లగా ఉన్న కాంక్రీటు మొత్తం కొట్టేసి, ఊచ తళతళలాడే దాకా తుప్పు గీకించి, తుప్పు నిరోధక పూత వేసి, బాగా సన్నబడిన ఊచకు పక్కన కొత్త ఊచ కట్టించి, పాలిమర్ కలిపిన మోర్టారుతో కప్పాలి. తుప్పు గీకకుండా పైన మామూలు సిమెంటు మెత్తితే రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది, మాకు రెండుసార్లు ఊడిందీ అందుకే. ఆ తర్వాత వైరింగు, పైపులు, ఆ తర్వాత ప్లాస్టరింగు. బాల్కనీ రెయిలింగుకు స్టీలు పెట్టిస్తే 304 రకం కాకుండా 316 రకం అడగండి. ఖర్చు ఎక్కువే, కానీ ఉప్పుకు అదే తట్టుకుంటుంది. ఇసుక లారీ దిగినప్పుడు దగ్గరుండి చూడండి, ఉప్పు ఇసుక కలిస్తే జబ్బును మనమే లోపల పెట్టి మూసినట్టు.

మేస్త్రితో ఎంత మంచిగా ఉన్నా తెల్ల కాగితం మీద ఒప్పందం రాసుకోండి. ఏ పని, ఏ కంపెనీ సరుకు, ఎన్ని రోజులు, డబ్బు ఎప్పుడెప్పుడు అని. అడ్వాన్సు 20 శాతం మించవద్దు. మిగతాది పని పూర్తయిన కొద్దీ, బ్యాంకు ఖాతాకే వేయండి. కొన్ని బ్యాంకులు రినొవేషన్ లోన్‌ను విడతలుగానే ఇస్తాయి. పని ఫోటోలు, బిల్లులు చూపిస్తేనే తర్వాతి విడత వస్తుంది, కాబట్టి ప్రతి బిల్లుకూ ఫోటో తీసి పెట్టుకోండి.

డాబా పని అయ్యాక నీళ్లు కట్టి రెండు రోజులు నిలబెట్టి, కింద గదుల్లో చెమ్మ దిగుతుందేమో చూడండి. అయినా చివరి పది శాతం డబ్బు ఒక వానాకాలం వెళ్లాకే ఇస్తానని ముందే ఒప్పందంలో రాయండి. మా మేస్త్రి గారు మొదట నొచ్చుకున్నారు, తర్వాత "సరే బాబూ, నా పని మీద నాకు నమ్మకం ఉంది" అన్నారు. నవంబరు వానలు వెళ్లాక ఆయన వచ్చి, స్లాబును మళ్లీ సుత్తితో తట్టి చూసి డబ్బు తీసుకున్నారు. ఆ సాయంత్రం నాన్నగారు తన మంచం మళ్లీ ఆ గదిలోకి వేయించుకున్నారు.